మర్నాటి మాట

పెద్దావిడ ఆ రోజు తన మాటకి ఏమనుకుందో అన్న అనుమానం సూదమ్మని పదకొండేళ్ళుగా వదల్లేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులాంటిది అది. నొప్పెట్టదు, అలాగని మరిచిపోనూ ఇవ్వదు. తీరిక దొరికినప్పుడల్లా నాలుక దాని దగ్గరికే పోతుంది.

సూదమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. కొలత టేపు మెడలోనూ, దారం ఎక్కించిన సూది భుజం మీదా లేకుండా ఆమెని చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళయిన కొత్తలో ఆ సూదితోనే పూజకి కూర్చుంటే అత్తగారు, “ఏం సూదమ్మా, దేవుడికేమన్నా చిరుగు పడిందా కుట్టడానికి?” అంది. ఆ పేరే నిలిచిపోయింది.

మొగుడికి పరాయి దేశంలో బస్సుల డిపోలో మెకానిక్ పని దొరికితే, నాలుగేళ్ళ కూతుర్నీ అత్తగారినీ వెంటబెట్టుకుని అతని వెనకే వచ్చింది. వచ్చిన నెలకే వీధి చివర బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టులో కుట్టుపనికి చేరింది. పాంటు అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, ఊడిన గుండీలు వేయడం. ఆ కొట్టు యజమానురాలే పెద్దావిడ. ఆ దేశపు మనిషి. పిల్లాజెల్లా లేరు. మాట తక్కువ, పని ఎక్కువ.

అప్పటికి సూదమ్మకి అక్కడి భాష రాదు. నేర్చుకున్నదంతా బట్టలకి తగిలించే చీటీల మీదిదే. పొడుగు, పొట్టి, వదులు, బిగువు, రేపటికి, ఎల్లుండికి. వాటితోనే సంసారం నెట్టుకొచ్చేది. ఆకలేస్తే “కడుపు వదులు” అనేది. కూతురు పేచీ పెట్టిందని చెప్పాలంటే “పిల్ల బిగువు” అనేది. పెద్దావిడకి నవ్వొచ్చేది కానీ అర్థమయ్యేది.

ఆ చీటీల్లో ఎర్రది ఒకటి ఉండేది. అది తగిలించిన బట్టల్ని మిగతావాటితో కలపకుండా వెనక అరలో పెట్టేవారు. దాని మీదున్న మాటకి ‘విడిగా ఉంచవలసినది, వేరొకదానితో కలపకూడనిది’ అని సూదమ్మ తనకు తానే అర్థం చెప్పుకుంది. మనం మడిబట్ట విడిగా ఆరేసుకున్నట్టే కాబోలు అనుకుంది.

పనిలో చేరిన మూడో వారం పెద్దావిడ ఆమెని ఎదురు వీధిలోని హోటల్‌కి భోజనానికి తీసుకెళ్ళింది. మాంసం తినదని ముందే కనుక్కుని కూరగాయలతో చేసినవే తెప్పించింది. పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టుకుని ఇద్దరూ అందులోంచే తినడం. పెద్దావిడ తను తింటున్న ఫోర్కుతోనే మంచి మంచి ముక్కలు ఏరి సూదమ్మ వైపు తోసింది. సూదమ్మ వాటిని తప్పించి అంచుల్లోది తింది. సగానికి సగం మిగిలిపోయింది. పెద్దావిడ చెయ్యెత్తగానే వడ్డించేవాడు ఒక అట్టపెట్టె తెచ్చాడు. మిగిలినదంతా ఆవిడే పెట్టెలోకి సర్ది, మూత నొక్కి, రెండు చేతులతో సూదమ్మకి అందించింది.

పదిమందిలో తినగా మిగిలింది మూట కట్టుకుపోయేవాళ్ళని తన చిన్నప్పుడు పెళ్ళిపందిళ్ళలో జనం ఎలా చూసేవారో ఆమెకి తెలుసు. ఆ సిగ్గు ఒక ఎత్తు. అది ఎంగిలి కావడం ఒక ఎత్తు. ఎంగిలిని మోసుకెళ్ళి దేవుడి పటాలున్న వంటింట్లో ఎక్కడ పెట్టేది? అత్తగారికి ఏం చెప్పేది?

వద్దన్నట్టు చేతులూపింది. ఎందుకని అడిగింది పెద్దావిడ. సూదమ్మ మాట కోసం తడుముకుంది. ఎంగిలికి ఆ భాషలో మాటే లేదని అప్పుడు తెలియదు. ఎర్ర చీటీ గుర్తొచ్చింది. విడిగా ఉంచవలసినది, కలపకూడనిది. సరిగ్గా అదే కదా! పెట్టె కేసి వేలు చూపించి, వీలైనంత మర్యాదగా నవ్వుతూ ఆ మాట అంది.

పెద్దావిడ చేతులు పెట్టెతో సహా గాలిలో ఆగిపోయాయి. కాసేపటికి పెట్టె తన సంచీలో పెట్టుకుని లేచింది. దారిలో మాట్లాడలేదు.

ఏడాది గడిచాక ఒకాయన మురికికాలవలో పడిన కోటు పట్టుకొచ్చాడు. ముక్కు మూసుకుని, మొహం తిప్పుకుని ఆ మాటే అన్నాడు. పెద్దావిడ తలూపి ఎర్ర చీటీ తగిలించింది. మిషను మీద సూదమ్మ కాలు ఆగిపోయింది. ఆ మాటకి అర్థం కుళ్ళు కంపు అని అప్పటికి గానీ తెలిసి రాలేదు.

అప్పుడే చెప్పేస్తే పోయేది. కానీ భాష చాలలేదు. భాష వచ్చేసరికి ధైర్యం చాలలేదు. చల్లారిన పొయ్యి ఊదితే బూడిద కళ్ళలోకే వస్తుందని ఊరుకుంది. పెద్దావిడా ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. ఒకటో తేదీ జీతం రెండో తేదీకి పోనివ్వలేదు. పిల్లకి జ్వరమొస్తే అడక్కముందే ఇంటికి పొమ్మంది. ఒక్కటే తేడా. ఆనాటి నుంచి తిండి ఊసు లేదు. మధ్యాహ్నమయ్యేసరికి వేలాడే కోట్ల వరస వెనక్కి వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చుని తిని వచ్చేది. వచ్చాక సబ్బు పెట్టి చేతులు కడుక్కుని గానీ కుట్టుబల్ల దాపుల్లోకి వచ్చేది కాదు. వీళ్ళ పద్ధతి ఇంతే కాబోలని సూదమ్మ సరిపెట్టుకుంది. సరిపెట్టుకున్న సంగతులే మనిషిని ఎక్కువ తింటాయి.

ఇప్పుడు పెద్దావిడకి మోకాళ్ళు పని చెయ్యనన్నాయి. కొట్టు వేరేవాళ్ళకి అమ్మేసింది. ఆదివారం పదింటి రైలుకి చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. ఇక తిరిగి వచ్చేది లేదు. ఆదివారం దాటితే సూదమ్మ అనుమానం సూదమ్మతోనే ఉండిపోతుంది.

గురువారం సాయంత్రం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు సూదమ్మ మాట కదిపింది.

“శనివారం పెద్దావిడని హోటల్‌కి తీసుకెళ్దామనుకుంటున్నానండీ.”

“తీసుకెళ్ళు. పదకొండేళ్ళు ఆవిడ ఉప్పు తిన్నాం,” అన్నాడు మొగుడు.

“ఉప్పు ఎక్కడ తిన్నార్రా? ఆవిడ గోడకేసి తింటుందటగా, మన దిష్టి తగులుతుందని,” అంది అత్తగారు.

కూతురు తలెత్తింది. ఆ దేశపు బడిలోనే చదివి పదిహేనేళ్ళది అయిన పిల్ల. “గోడకేసా? ఇక్కడెవరూ అలా తినరమ్మా. మా క్లాసులో ఎవరైనా అలా తింటే ఎవరో ఏదో అన్నారనుకుంటాం.”

సూదమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇక దాచి లాభం లేదని హోటల్లో జరిగింది మొదటిసారి ముగ్గురికీ చెప్పింది. అన్నం పెట్టినామెతో అన్న ఆ మాట కూడా చెప్పింది.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆ మాటన్నావా? మొహం మీదే?”

“నవ్వుతూ కూడా అన్నాను.”

మొగుడికి పొలమారింది. అత్తగారు మాత్రం కోడల్ని వెనకేసుకొచ్చింది. “ఎంగిలిని ఎంగిలి అంటే తప్పేంటే?”

“ఎంగిలి అనలేదు నానమ్మా. కుళ్ళు కంపు అంది.”

“హవ్వ!” అత్తగారు కంచం పక్కకి జరిపింది. “అన్నం పెట్టినదాన్ని అంత మాటంటావుటే? ఎంగిలైనా అన్నం అన్నమే. వద్దంటే వద్దనాలి గానీ కంపంటావా? మా అత్త గంజిలో ఈగ పడితే తీసి తాగమంది. తాగాను. నోరు మెదిపానా?”

“ఇంకోటి ఉందమ్మా,” అంది కూతురు. “ఇక్కడ భోజనం పెట్టినవాళ్ళే మిగిలింది పెట్టెలో సర్ది ఇస్తారు. ఇవ్వకపోతే పిసినారి అంటారు. తీసుకున్నవాళ్ళు మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ‘తిన్నాం, వేడి చేస్తే ఇంకా బాగుంది’ అనాలి. బాగోకపోయినా అనాలి. మర్నాటి మాట అంటారు దాన్ని. ఆ మాట వస్తేనే భోజనం పూర్తయినట్టు లెక్క.”

“అంటే పదకొండేళ్ళుగా ఆ భోజనం సాగుతూనే ఉందన్నమాట,” అన్నాడు మొగుడు మంచినీళ్ళు తాగి. “ఇంత పొడుగు విందు నేనెక్కడా వినలేదు.”

సూదమ్మ నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను అనకూడని మాట అన్నానని బాధపడుతోంది. అనవలసిన మాట ఇంకొకటి బాకీ పడిందని ఇప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టి, పటాల ముందు అరటిపండు ఉంచి కళ్ళు మూసుకుంది. దేవుడు ముట్టాడని నమ్మితేనే అది ప్రసాదం. ముట్టాడంటే మరి ఆయన ఎంగిలే కదా, దాన్ని కళ్ళకద్దుకుని తింటాం. ఇన్నేళ్ళూ రాని ఆలోచన ఆ పూట వచ్చింది. వచ్చినందుకు చెంపలు వేసుకుంది. నియమం మీద ఆమెకి గౌరవం పోలేదు. అమ్మ నేర్పింది, అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. కానీ శుభ్రం కోసం చేతికిచ్చిన చీపురుతో ఒక మనిషిని గడప అవతలికి ఊడ్చేశానేమో అనిపించింది. స్వామీ, ఆ మనసు నేను ఎరిగి నొప్పించలేదు, చెప్పుకునే నోరు నువ్వే ఇయ్యి అని దణ్ణం పెట్టుకుంది.

కొట్టులో ఆ రోజు సగం హ్యాంగర్లు ఖాళీ. ఆవిరి ఇస్త్రీ ఆపేశారు. పెద్దావిడ దారపు కండెలు రంగుల వారీగా పెట్టెలో సర్దుతోంది.

“రేపు మధ్యాహ్నం నాతో భోజనానికి రావాలండీ,” అంది సూదమ్మ.

పెద్దావిడ తలెత్తలేదు. “వద్దులే. నీకు ఇబ్బంది.”

“నాకేం ఇబ్బంది?”

“నాకు తెలుసు. మూటలు కట్టుకునే పని కూడా ఉంది.”

ఆ ‘నాకు తెలుసు’ సూదమ్మకి చాలు. ఇక అనుమానం అక్కర్లేదు. ఏమనుకుందో అన్నది అక్షరాలా తేలిపోయింది. బతిమాలడానికి ఎన్ని మాటలు వచ్చినా ఆ క్షణంలో ఒక్కటీ అందలేదు. చివరికి మొదటి ఏడు మాట్లాడినట్టే మాట్లాడింది.

“రేపటికి, నా కడుపు వదులు. మీ భోజనం పొట్టి చెయ్యొద్దు.”

పెద్దావిడ చేతిలో కండె జారి బల్ల కింద దొర్లింది. నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. “ఒంటిగంటకి,” అంది.

పాత హోటల్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల దుకాణం ఉంది. పక్క వీధిలో కిటికీ దగ్గర బల్ల దొరికింది. సూదమ్మే కావలసినవి చెప్పింది. వడ్డించేవాడు పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టగానే పెద్దావిడ ఇంకో రెండు పళ్ళేలూ, ఒక కొత్త గరిటె అడిగింది. తను నోట్లో ఏదీ పెట్టుకోకముందే ఆ గరిటెతో కూరని సరిగ్గా రెండు భాగాలు చేసింది. ముందు సూదమ్మ వాటా వడ్డించి, తన పళ్ళెం బల్ల చివరికి జరుపుకుంది. తన గ్లాసు సూదమ్మ గ్లాసుకి తగలకుండా అవతల పెట్టుకుంది. ఎవరూ నేర్పకుండానే మడి కట్టుకున్న మనిషిలా కనిపించింది. కాదు, తనే నేర్పింది, ఒక్క మాటతో.

సూదమ్మ కుర్చీ ఆవిడ వైపు జరుపుకుంది.

“మా భాషలో ఒక మాట ఉందండీ. మీ భాషలో లేదు. ఆ రోజు నేను చెప్పాలనుకున్నది అది.”

ఏ రోజని పెద్దావిడ అడగలేదు. “చెప్పు,” అంది.

“ఎంగిలి.”

“ఎంకిలి,” అని పలికి చూసింది. “అంటే మురికా?”

“కాదండీ.”

“పాపమా?”

“అంత పెద్దది కాదు.”

“మరి రోగమా?”

“అయ్యో, కాదు. ఒకరి నోరు తగిలింది ఇంకొకరు ముట్టకూడదు. అంతే.”

“ఎవరి నోరైనా?”

“ఎవరిదైనా. నాదైనా సరే. నేను కొరికిన పండు దేవుడి ముందు పెట్టను. మా అత్తగారి కంచంలో వెయ్యను.”

పెద్దావిడ ఫోర్కు కింద పెట్టింది. “నీదైనా,” అని తనలో తను అనుకుంది. మళ్ళీ అంది. “నీదైనా.”

కిటికీ అవతల బస్సు ఆగి నలుగురిని దింపి వెళ్ళింది. అదెళ్ళేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

“మీ ఆయన తిన్నది?” అని అడిగింది పెద్దావిడ.

“నేను తినొచ్చు. పూర్వం మొగుడు తిన్న కంచంలోనే తినేవాళ్ళు.”

“నువ్వు తిన్నది ఆయన?”

“తినడు.”

“నీ కూతురు వదిలేసింది?”

“నేనే తింటాను. తల్లికి బిడ్డ ఎంగిలి ఉండదండీ.”

పెద్దావిడ కాసేపు లెక్క చూసుకున్నట్టు మొహం పెట్టింది. “అయితే ఇది నోటి సంగతి కాదు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ, ఎవరు మనవాళ్ళు అన్న సంగతి.”

“అయ్యుంటుందండీ. నేనంత దూరం పోలేదు. అమ్మ చెప్పింది, చేశాను. ఆ ఎర్ర చీటీ మాట మాత్రం నా తప్పే. దాని అర్థం విడిగా ఉంచవలసినది అనుకున్నాను. కోటు పట్టుకుని ఒకాయన వచ్చేదాకా ఏడాది పాటు తెలియదు. తెలిశాక చెప్పలేకపోయాను.”

“కోటు,” అంది పెద్దావిడ. “కాలవలో పడిన కోటు. నువ్వా రోజు ఒక జిప్పు తలకిందులుగా కుట్టావు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.” చేతిగుడ్డ మడత పెడుతూ అంది. “ఆ పెట్టె నేను పారెయ్యలేదు, తెలుసా? ఇంటికెళ్ళి మూత తీసి వాసన చూశాను. నిజంగానే పాడైందేమోనని. రెండు రోజులు తిన్నాను. బాగానే ఉంది. అయితే పాడైంది కూర కాదు, నేనే అనుకున్నాను. నా చెయ్యి మీ దేవుడికి పనికిరాదేమో, నా పక్కన కూర్చుని కుట్టడమే నీకు కష్టమేమో, జీతం కోసం ఓర్చుకుంటున్నావేమో అని. అందుకే వెనక్కి వెళ్ళి తినేదాన్ని.”

సూదమ్మ కళ్ళు తుడుచుకుంది. కొలత టేపు కొసతోనే తుడుచుకుంది. పెద్దావిడ చూసి, “అది కొట్టుది. తడిపితే సాగుతుంది,” అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పెద్దావిడ తన పళ్ళెంలో సగం కూడా తినలేదు. సూదమ్మ చెయ్యెత్తింది. వడ్డించేవాడు అట్టపెట్టె తెచ్చి అతిథి అని పెద్దావిడ ముందు పెట్టాడు. సూదమ్మ దాన్ని తన వైపు లాక్కుంది.

“తప్పు,” అంది పెద్దావిడ గొంతు తగ్గించి. “పెట్టినవాళ్ళు మూట కట్టుకోకూడదు. చూసేవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీండి. ఇది ఇవాల్టి పెట్టె కాదు. ఆ రోజు మీరిచ్చింది. నేను తీసుకోవడం కాస్త ఆలస్యమైంది.”

వడ్డించేవాడు నిజంగానే ఇద్దరినీ వింతగా చూశాడు. సూదమ్మ సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే పెద్దావిడ పళ్ళెం అందుకుని, ఆవిడ తిని వదిలినదంతా ఒంపుకుంది. పెద్దావిడ ఊరికే చూస్తూ కూర్చుంది. మూత పెట్టబోతుంటే, “ఆగు,” అని తన ఫోర్కుతోనే రెండు మంచి ముక్కలు ఏరి పైన పెట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో పెట్టె చూసి అత్తగారు, “ఏంటది?” అంది.

“కూర అత్తయ్యా.”

“ఎక్కడిది?”

“పెద్దావిడ ఇచ్చింది.”

అత్తగారు పెట్టెకేసి చూసింది, కోడలి కేసి చూసింది, పటాల కేసి చూసింది. ఇంకేం అడగలేదు. సూదమ్మ కూరని వేరే గిన్నెలో వేడి చేసుకుని, వేడన్నంలో కలుపుకుంది. మొదటి ముద్ద నీళ్ళతో మింగింది. పదకొండేళ్ళ కిందటైతే మింగగలిగేదాన్నా అనుకుంది. రెండో ముద్దకి కూర రుచి తెలిసింది.

ఆదివారం ఏడింటికల్లా స్నానం చేసి, దీపం పెట్టి ఫోను అందుకుంది. అవతల మూటలు జరుపుతున్న చప్పుడు.

“తిన్నానండీ,” అంది సూదమ్మ. “వేడి చేస్తే ఇంకా బాగుంది.”

చప్పుడు ఆగిపోయింది. రైలుకి వేళవుతోందని పెట్టేసిందేమోనని సూదమ్మ భయపడింది.

“ఎంత తిన్నావు?” అంది పెద్దావిడ.

“అంతానూ. మా అత్తగారు కూడా రెండు ముక్కలు వేసుకున్నారు.”

“ఆవిడా! ఎవరి ఎంకిలి అని అడగలేదా?”

“అడగలేదండీ. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే తినకూడదు. అందుకని ఉప్పు తక్కువైందని మాత్రం అన్నారు.”

అవతలి నుంచి నవ్వు వినిపించింది. నవ్వు సద్దుమణిగాక పెద్దావిడ ఆ దేశంలో మర్నాటి మాటకి ఇచ్చే జవాబు ఇచ్చింది. “నా కడుపూ నిండింది,” అంది.